స్టార్ఫిన్‌ని సుదా అని ఎందుకు పిలిచారు?



ఆటగాళ్ల మీద పోస్టు ఏది పెట్టినా కింద ఒకటే కామెంట్ ఉంటది: "టాలెంట్ ఉంటే చాలు, నువ్వు ఎవరని ఎవరూ అడగరు." నాకు ఆ మాట మీద నమ్మకం లేదు. విక్టర్ స్టార్ఫిన్ సంగతి చూడండి.

ఇతను జపాన్‌లో బేస్‌బాల్ పిచ్చర్. పిచ్చర్ అంటే మన క్రికెట్‌లో బౌలర్ లాంటోడే, కాకపోతే జట్టు గెలిచిన ప్రతి ఆటనీ ఒక పిచ్చర్ ఖాతాలో రాస్తారు. 1916లో రష్యాలో పుట్టాడు. విప్లవం వచ్చాక ఆ కుటుంబం పారిపోయి, జపాన్‌కి ఉత్తరాన హొక్కైడో దీవిలో అసహికావా అనే ఊళ్లో పడింది. ఏ దేశం పౌరసత్వమూ లేదు.

బడి ఆటల్లోనే పేరు మోగిపోయింది. 1934లో బేబ్ రూత్ ఉన్న అమెరికా జట్టు వస్తుంటే, దాని మీద ఆడే జట్టులోకి ఇతన్ని తీసుకున్నారు. పిల్లోడికేమో కాలేజీకి పోవాలని ఆశ. తండ్రి హత్య కేసులో జైల్లో ఉన్నాడు. రాకపోతే కుటుంబాన్ని దేశం నుంచి పంపించేస్తామని బెదిరించి ఒప్పించారని అతని జీవితం రాసినవాళ్లు చెప్తారు. ఆ జట్టే తర్వాత టోక్యో జెయింట్స్ అయింది. 1939లో జెయింట్స్ 66 ఆటలు గెలిస్తే అందులో 42 ఇతని ఖాతాలోవే!

ఇంక ఇంతకన్నా టాలెంట్ ఏం చూపించాలి? మరుసటి ఏడాదే, 1940లో, పరాయి పేర్లు వద్దని అతని పేరు సుదా హిరోషి అని మార్చేశారు. యుద్ధం ముదిరాక పరాయివాడివని కరుయిజావాలో నిర్బంధంలో పెట్టారు. గెలిపించినప్పుడు మనోడు, అనుమానం వస్తే పరాయోడు.

యుద్ధం అయ్యాక మళ్లీ స్టార్ఫిన్‌గానే ఆడాడు. 1955లో జపాన్‌లో 300 గెలుపులు దాటిన మొదటి పిచ్చర్ అయ్యాడు, మొత్తం 303. ప్రత్యర్థికి ఒక్క పరుగూ ఇవ్వకుండా ఒక్కడే ముగించిన ఆటలు 83, ఆ రికార్డు అక్కడ ఇప్పటికీ ఇతనిదే. 1957లో కారు ట్రామ్‌ని గుద్దుకుని చనిపోయాడు. 40 ఏళ్లు. అప్పటికీ జపాన్ పౌరసత్వం లేదు.

ఇంకో సంగతి. హొక్కైడో అసలు ఐనూ ఆదివాసుల నేల. స్టార్ఫిన్ పుట్టకముందే వాళ్లకి జపాన్ పేర్లు అంటగట్టి రిజిస్టర్లలో ఎక్కించారు. వాళ్లని ఆదివాసులుగా ఒప్పుకునే చట్టం 2019లో గానీ రాలేదు. అంటే పేరు మార్చడం ఆ దేశంలో యుద్ధంతో మొదలైన పని కాదు.

"పేరులో ఏముంది, జీతం వచ్చింది కదా" అనేవాళ్లు ఉంటారు. పేరులో ఏమీ లేకపోతే మార్చడానికి అంత పట్టు ఎందుకు? మన దగ్గర బళ్లో చేర్చేటప్పుడు నోరు తిరగలేదని ఐతేని అనిత చేసిన సార్లు లేరా? తర్వాత కులం సర్టిఫికెట్‌లో ఒక పేరు, టెన్త్ మెమోలో ఇంకో పేరు ఉండి, స్కాలర్‌షిప్ ఆగిపోతే ఆఫీసుల చుట్టూ తిరిగేది ఆ పిల్లే, సారు కాదు.

అసహికావాలో ఇప్పుడున్న స్టేడియం పేరు స్టార్ఫిన్ స్టేడియం. సుదా స్టేడియం కాదు.

మీలో ఎవరికైనా బళ్లో పేరు మారి ఉంటే కింద రాయండి. ఇంట్లో పిలిచే పేరు ముందు రాయండి.