అబ్బాది తన్ఖా, అమ్మీది ‘బీడీల పైసలు’

మా అబ్బా ఒక బీడీ కార్ఖానాలో ప్యాకర్. అమ్మీ ఇంట్లో బీడీలు చుట్టేది. ఇద్దరి మెహనతూ ఒకే మాల్ మీద. కానీ అబ్బాకు వచ్చేది తన్ఖా, అమ్మీకి వచ్చేది ‘బీడీల పైసలు’. మా ఫీజులు, కితాబులు ఆ పైసల్లోంచే వచ్చేవి. అయినా స్కూల్ ఫారంలో తల్లి పేషా అన్న చోట నేను ‘గృహిణి’ అనే రాశాను. ఎవరూ తప్పు అనలేదు. అమ్మీ కూడా.

ఆడవాళ్లకు, మగవాళ్లకు ఉజ్రత్‌లో ఫరక్ అనగానే మనకు హైటెక్ సిటీ ఆఫీసులే గుర్తొస్తాయి. ఒకే కుర్చీ, రెండు జీతాలు. అదీ ఉంది. కానీ నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల వైపు మన ఇళ్లలో ఉన్న ఫరక్ అలా కళ్లకు కనబడదు.

చాట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆపాను అడగండి. తునికాకు తడపాలి, కొలతకు కత్తిరించాలి, తంబాకు వేసి చుట్టాలి, దారం కట్టాలి, మూతి మడవాలి. రేటు వెయ్యి బీడీలకు. ఆకు తడిపి కత్తిరించిన గంటలకు విడిగా ఏమీ లేదు. ఆకు ఖరాబు వస్తే తక్కువైనంత జేబులోంచి కొనాలి. ఛాట్ తీసేసిన బీడీలకు పైసా రాదు. ఇందులో ఎక్కడా ‘మర్దులకు ఇంత, ఔరతులకు ఇంత’ అని రాసి ఉండదు. కార్ఖానా లోపలి నెల జీతం పని మగవాళ్లకు, ఇంట్లో లెక్కకు చుట్టే పని ఆడవాళ్లకు వెళ్లింది. అంతే. ఫరక్ అక్కడే పుట్టింది.

కానూన్ లేక కాదు. సమాన పనికి సమాన వేతనం అన్నది రాజ్యాంగం 39వ అధికరణంలో ఉంది. 1976లో సమాన వేతన చట్టం వచ్చింది, 2019 వేతనాల కోడ్‌లోనూ ఆ మాట ఉంది. ఇంట్లో బీడీలు చుట్టే మనిషిని కూడా 1966 నాటి బీడీ కార్మికుల చట్టం కార్మికురాలిగానే గుర్తించింది. కానీ సమాన వేతనం అడగాలంటే ఒకే పని, లేదా ఒకే రకం పని అయి ఉండాలి. చుట్టడం ఒక పని, ప్యాక్ చేయడం ఇంకో పని అయినప్పుడు అమ్మీ ఎవరితో పోల్చుకుని అడగాలి?

ఇక్కడ మనవాళ్లు ఒక దలీల్ తెస్తారు. నఫ్ఖా మర్దు జిమ్మా కదా, అతనికి ఎక్కువ రావడంలో తప్పేముంది అని. నఫ్ఖా భార్యాభర్తల మధ్య ఫర్జ్. ఉజ్రత్ యజమానికి, పనిచేసిన మనిషికి మధ్య ఖరారు. నఫ్ఖా చూసే జీతం ఇస్తే, పెళ్లికాని కుర్రాడికి నలుగురు పిల్లల తండ్రికంటే తక్కువ ఇవ్వాలి. ఏ సేఠ్ ఇస్తున్నాడు? పిల్లల్ని ఒంటరిగా సాకే బేవాకు రెట్టింపు ఇవ్వాలి. అదీ ఇవ్వడు. మరి ఆడమనిషి దగ్గరకొచ్చేసరికే నఫ్ఖా ఎందుకు గుర్తొస్తుంది? విరాసత్‌లో హిస్సా చూపించి వాదించేవాళ్లూ ఉన్నారు. విరాసత్ బంధుత్వాన్ని బట్టి వచ్చేది, ఉజ్రత్ చేసిన పనికి బదులు. రెండింటినీ ఒకే తరాజులో తూచలేం.

సూరె నిసా 32వ ఆయత్‌లో స్త్రీ సంపాదనలో ఆమె హిస్సా ఆమెదే అని సాఫ్‌గా ఉంది. హజ్రత్ ఖదీజా (ర.అ.) తిజారత్ గురించి ప్రతి జల్సాలో ఫఖ్ర్‌గా చెప్పుకుంటాం. జల్సా అయ్యాక ఇంటికొచ్చి భార్య కమాయిని హాత్ ఖర్చు అంటాం.

ఇంకో సంగతి. 2019లో ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు దానిమీద పెడుతున్నారు. అదే పని చేసే మగవాళ్లు 97 నిమిషాలు. దాదాపు ఐదు గంటలు ఇంటికే పోతే కార్ఖానా సమయానికి ఎవరు వెళ్లగలరు? ఇంటి దగ్గర దొరికిన పని, ఇచ్చిన రేటు. 2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ పొందిన క్లాడియా గోల్డిన్ అమెరికా లెక్కలు చూసి చెప్పిందీ దీనికి దగ్గరి మాటే. మొదటి బిడ్డ పుట్టాక ఆదాయంలో తేడా బాగా పెరుగుతుందని.

చదువుకుంటే ఇదంతా పోతుందా? మనవాళ్లే నడిపే ఒక ప్రైవేటు స్కూల్‌లో బీఈడీ చేసిన అమ్మాయికి మగ టీచర్‌కంటే తక్కువ ఎందుకని అడిగాను. “శాదీ అయ్యేదాకే కదా భాయ్, టైంపాస్” అన్నారు. అమ్మీ బీడీల పైసలకు, ఈ అమ్మాయి జీతానికి పెట్టిన పేరు ఒక్కటే.

సర్కార్ చేయాల్సింది సర్కార్‌ను అడుగుదాం. యూనియన్ ఉన్న చోట రేటు అడిగేటప్పుడు మన ఆపాలు వెనక వరసలో కాదు, మాట్లాడే చోట కూర్చోవాలి. స్కూల్, మదర్సా కమిటీల్లో ఉన్నవాళ్లు వచ్చే నెల జీతాల రిజిస్టర్ ఒకసారి తెరిచి చూడండి. ఒకే క్లాసు, ఒకే డిగ్రీ, ఒకే అనుభవం ఉన్నవాళ్ల పేర్ల పక్కన అంకెలు ఒకటే ఉన్నాయా?

ఇంట్లో చేయాల్సింది ఇంకా సులువు. ఆమె డబ్బు ఆమె ఖాతాలోనే పడాలి. ఆకు, దారం, కరెంటు, గంటలు ఒక కాపీలో రాసి హిసాబ్ పెట్టాలి. అసలు చేతికి ఏం మిగులుతోందో తెలియకుండా ఎక్కువ రేటు అడగలేం. రొట్టెలు చేయడం, పిల్లల్ని తయారుచేయడం కొడుకులకూ నేర్పాలి.

జూన్‌లో పిల్లల ఫారాలు నింపుతారు. తల్లి పేషా దగ్గర ఆమె చేసే పని రాయండి. బీడీ కార్మికురాలు, దర్జీ, టీచర్, ఏదైతే అది. నేను అప్పుడు రాయలేకపోయాను.