పిల్ల చిలకకు పాలు పట్టకండి

సంచికకు ఏదైనా రాయమని విద్యార్థి సంఘం సోదరులు అడిగినప్పుడు, నేను నిరుద్యోగం మీదో వరకట్నం మీదో రాస్తాననుకుని ఉంటారు. వాటిమీద రాయగల సమర్థులు మన కళాశాలలో చాలామంది ఉన్నారు. నేను రామచిలక పిల్లల గురించి రాస్తున్నాను. ఇదీ ఒక విషయమేనా అని నవ్వకండి. ఈ కేసులో నేను ముద్దాయిని.

ఇక్కడ చదువుకునే రోజుల్లో, వేసవి మొదట్లో ఇంటికి వెళుతూ దారిలో ఒక కుర్రాడి దగ్గర రెండు చిలక పిల్లల్ని కొన్నాను. తాటిమోడు తొర్రలోంచి తీశానన్నాడు. ఒంటిమీద ఈకలు లేవు, ముళ్ళలాంటి మొలకలు తప్ప. మా అమ్మ చూసి, "ఏరా, తల్లి దగ్గర్నుంచి లాక్కొచ్చావా?" అంది. అలా అన్నదే మళ్ళీ పాలు కాచింది. దూదివత్తితో పాలు పట్టాం, మెత్తటి అన్నం పెట్టాం. నాలుగోరోజు తెల్లవారేసరికి చిన్నది చచ్చిపోయింది. మెడ కింది తిత్తిలో పులిసిన పాలు అలాగే ఉండిపోయాయి.

రెండోది బతికింది. పదకొండేళ్ళు బతికింది. "రామా" అంటే "రామా" అనేది. చుట్టాలంతా ముచ్చటపడేవారు. కానీ సాయంత్రం మిరప కల్లాల మీదుగా చిలకల గుంపు అరుచుకుంటూ పోతే మాత్రం అది "రామా" అనేది కాదు. పంజరం ఊచలు పట్టుకుని తన భాషలో అరిచేది. గుంపు దాటిపోయాక తన రొమ్ముమీది ఈకలు తనే పీక్కునేది. ఏదో జబ్బనుకున్నాం. జబ్బే, తెచ్చిపెట్టింది మేమే.

మేం చేసిన తప్పేమిటో తర్వాత చదువుకుని తెలుసుకున్నాను. పక్షులకు పాలు అరగవు. పాలలోని చక్కెరను విడగొట్టే రసం వాటి కడుపులో లేదు. గుడ్డులోంచి వచ్చేనాటికి చిలక పిల్లకు కళ్ళు తెరుచుకోవు, ఒంటికి కావలసిన వేడి తనంతట తాను పుట్టించుకోలేదు. తల్లి రెక్కల కిందే ఆ వేడి. తండ్రి మేత తెచ్చి తల్లికి అందిస్తే, తల్లి తన తిత్తిలో నానినదాన్ని పిల్ల నోట్లో పెడుతుంది. ఆరేడు వారాలు ఇలా సాకితేగాని అది తొర్ర విడిచి ఎగరదు. ఇన్ని వారాల కాపురాన్ని మనం ఒక దూదివత్తితో చేయబోతాం!

అమ్మేవాడు "ఇది మగదండీ, బాగా మాట్లాడుతుంది" అంటాడు. పిల్లల్లో మగా ఆడా చూసి చెప్పలేం. మగదాని మెడ చుట్టూ గులాబీ హారం ఏర్పడటానికి మూడేళ్ళ దాకా పడుతుంది.

మన మిరప సీమలో ఇంకో నమ్మకం ఉంది: పచ్చిమిరపకాయ పెడితే చిలకకు మాటలొస్తాయని. చిలక మిరపకాయను మనం దోసకాయ తిన్నట్లు తింటుందన్న మాట నిజమే. అందులో ధైర్యమూ లేదు, మంత్రమూ లేదు. కారాన్ని మంటగా పసిగట్టే గ్రాహకం పక్షుల్లోనూ ఉంది గాని, అది మిరప ఘాటుకు చలించదు. డేవిడ్ జూలియస్, ఆయన సహచరులు కోడి గ్రాహకం మీద పరిశోధించి 2002లో ఈ సంగతి తేల్చారు. ఆ గ్రాహకాన్ని కనిపెట్టినందుకే జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. మాటలకూ మిరపకూ సంబంధం లేదు. చిలక గుంపులో బతికే పక్షి. తోటివాళ్ళ గొంతు నేర్చుకోవడం దాని స్వభావం. తోటివాళ్ళెవరూ లేనప్పుడు మన గొంతు నేర్చుకుంటుంది. మనం ముచ్చటపడే ఆ పలుకు దాని ఒంటరితనమే. పైగా మన చేలల్లో మిరపకు ఎన్నిసార్లు మందు కొడతామో మనకు తెలియంది కాదు. ఆ కాయే తెచ్చి ప్రేమగా దాని ముక్కుకు అందిస్తాం.

చట్టం మాటకొస్తే, రామచిలక 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న పక్షి. పట్టడం, అమ్మడం, కొనడం, పంజరంలో పెంచడం, అన్నీ నేరాలే. దుకాణాల్లో లవ్ బర్డ్స్ పేరుతో అమ్మే ఆస్ట్రేలియా జాతి చిట్టి చిలకల సంగతి వేరు. తరతరాలుగా పంజరాల్లోనే పుట్టిన విదేశీ పక్షులవి. 2018లో ఆంధ్రప్రదేశ్ రామచిలకనే రాష్ట్రపక్షిగా ప్రకటించింది. రాష్ట్రపక్షిని వరండాలో ఖైదు చెయ్యడం మనకే చెల్లింది.

ఇక వాదనలు వింటాను. "మేం కొనకపోతే ఇంకొకడు కొంటాడుగా" అంటారు. అందరూ ఇదే మాట అంటారు గనకే ఆ కుర్రాడు ఏటేటా తాటిమోడు ఎక్కుతున్నాడు. "చిలక జోస్యం చెప్పుకునేవాడి పొట్ట కొడతారా?" అంటారు. అతని పేదరికం నిజం. దానికి మందు అతనికి మరో పని చూపించడం గాని, రెక్కలు కత్తిరించిన పక్షి చేత చీటీలు తీయించడం కాదు. "చిలకలు జొన్న కంకులన్నీ కొట్టేస్తున్నాయి, వాటిమీద జాలేమిటి?" అని రైతు అడుగుతాడు. ఈ ప్రశ్నకు నేను తల వంచుతాను. నష్టం అతనిది, జాలి మనది. కానీ మంచె మీద వడిసెల తిప్పే రైతు చిలకను తోలుతాడే గాని ఇంటికి తెచ్చి జీవితఖైదు వెయ్యడు. "పెంచిన చిలక బయట బతకదు" అనేది చివరి వాదన. పంజరాలనుంచి తప్పించుకున్నవాటి సంతతి ఇవాళ లండన్ పార్కుల్లో, ఆ చలిలో, వేల సంఖ్యలో బతుకుతోంది. అయితే చేతిలో పెరిగిన పిల్లను ఒక్కరోజులో పంజరం తలుపు తీసి వదిలెయ్యడం కూడా హత్యే. ఎగరడం, మేత వెతకడం నేర్పి, మెల్లమెల్లగా విడవాలి. అది తెలిసినవాళ్ళు చేయాల్సిన పని.

మరి గాలివానకు తొర్ర విరిగి పిల్ల కింద పడితే ఏం చెయ్యాలి? తొర్ర అందితే తిరిగి అందులోనే పెట్టండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి దగ్గరకు రానివ్వదన్నది వట్టి మాట. చెట్టే కూలిపోతే, అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ పరిచి, పిల్లను వెచ్చగా, చీకట్లో ఉంచండి. నోట్లో నీళ్ళు పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాలు అసలే వద్దు. అటవీశాఖ వారికి కబురు పెట్టి, వాళ్ళు వచ్చేలోగా పశువుల డాక్టరుకు చూపించండి. మీ పని అక్కడితో సరి. పేరు పెట్టకండి, పేరు పెట్టాక ఇవ్వబుద్ధి కాదు. ఇది అనుభవం మీద చెబుతున్న మాట.

మా చిలక పోయినరోజు అమ్మ దాన్ని పెరట్లో వేపచెట్టు కింద పూడ్చింది. ఖాళీ పంజరం చూసి, "ఇంకోటి తేకురా" అంది. అంతకుమించి ఏమీ అనలేదు.

విద్యార్థి మిత్రులారా, వేసవి సెలవులకు ఊళ్ళకు వెళుతున్నారు. బస్సు దిగేచోట ఎవరో బుట్టలో పిల్లల్ని పెట్టుకుని ఎదురొస్తారు. అవి మీవంక నోళ్ళు తెరిచి అరుస్తాయి. జాలిపడి డబ్బులివ్వబోతారు. నేనూ జాలిపడే కొన్నాను. ఆ ఒక్క క్షణం మీ చెయ్యి జేబులోంచి పైకి రాకపోతే, వచ్చే ఏడు ఒక తొర్ర నిండుగా ఉంటుంది. ఊళ్ళో పాత తాటిమోడును కొట్టబోతుంటే, అందులో ఎవరి కాపురం ఉందో ఒకసారి పైకి చూడమని పెద్దలకు చెప్పండి.