లెక్కకు రాని డెంగీ కార్డు

వానలు మొదలై నెల తిరగ్గానే పత్రికల్లో రెండు వార్తలు ఖాయం. డెంగీని తొలిరోజే పట్టేసే కొత్త రక్త పరీక్ష వచ్చేస్తోందన్నది ఒకటి. ప్రైవేటు ఆసుపత్రుల్లో మంచాలు నిండిపోతుంటే అధికారులు కేసులు దాస్తున్నారన్నది మరొకటి. మొదటిది చదివితే ఇన్నాళ్లూ అలాంటి పరీక్షే లేదేమో అనిపిస్తుంది. రెండోది చదివితే ఎవరో పనిగట్టుకుని అంకెలు తొక్కిపెడుతున్నారనిపిస్తుంది. నిజానికి తొలిరోజుల్లోనే డెంగీని గుర్తించే పరీక్ష జాతీయ కార్యక్రమంలోకి 2010లోనే వచ్చింది. అంకెల తేడాకు మూలం పరీక్షల హోదాలో ఉంది. వేలెడంత కార్డు మీద చేసే పరీక్ష ఊరూరా అమ్ముడవుతుంది, దాని మీద మందులు రాస్తారు, జనం అప్పులు చేస్తారు. ప్రభుత్వ లెక్కలో మాత్రం అది లేదు.

విజయనగరం జిల్లా నెల్లిమర్లలో జరం వచ్చిన జూట్ మిల్లు కార్మికుడి దారి ఎలా ఉంటుందో ఆ ప్రాంతం ఎరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. మొదటి రోజు మెడికల్ షాపు, రెండో రోజు ఆర్‌ఎంపీ, మూడో రోజు ల్యాబు. అక్కడ కార్డు మీద గీత పడితే డెంగీ అంటారు. ఆ కబురు అందుకున్న ఆరోగ్య సిబ్బంది నిర్ధారణ కోసం నమూనాను జిల్లా కేంద్రానికి పంపుతారు. విజయనగరం పది పన్నెండు కిలోమీటర్ల దూరమే. కానీ దూరాన్ని మించిన సమస్య రోజులది. నమూనా ఏ రోజున తీశారు, దాని మీద ఏ పరీక్ష చేశారు అన్న రెండు ప్రశ్నల జవాబులకు పొంతన కుదరకపోతే, కార్డు మీద డెంగీ అయిన మనిషే ఎలైజా అనే ల్యాబు పరీక్షలో డెంగీ కాకుండా పోతాడు. మరుసటి రోజు పేపర్లో అది 'దాచిన కేసు' అవుతుంది.

రోజుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. డెంగీ వైరస్ మన కణాల్లో పెరిగేటప్పుడు ఎన్‌ఎస్‌1 అనే ప్రొటీన్‌ను రక్తంలోకి వదులుతుంది. జరం మొదలైన రోజు నుంచే అది దొరుకుతుంది, అయిదో రోజు దాటాక తగ్గిపోతుంది. శరీరం తయారుచేసే ఐజీఎం యాంటీబాడీలు సాధారణంగా ఆ అయిదో రోజు నుంచే పరీక్షకు చిక్కుతాయి. అందుకే జాతీయ మార్గదర్శకాలు అయిదు రోజుల్లోపు ఎన్‌ఎస్‌1 ఎలైజా, ఆ తర్వాత ఐజీఎం ఎలైజా చేయమంటున్నాయి. మూడో రోజు నమూనాకు ఐజీఎం చేసి 'నెగటివ్' అని రాసినా, ఏడో రోజు నమూనాలో ఎన్‌ఎస్‌1 వెతికి 'లేదు' అని రాసినా తప్పు పరీక్షది కాదు. రెండోసారి డెంగీ సోకినవాళ్లలో మెలిక ఇంకొకటుంది. పాత యాంటీబాడీలు ఎన్‌ఎస్‌1ను పట్టి కప్పేస్తాయి కనుక అది చిక్కే అవకాశం తగ్గుతుంది. ఐజీఎం కూడా అంతగా పెరగకపోవచ్చు. తీవ్రమయ్యే ముప్పు ఎక్కువున్నది వీళ్లకే.

ఈ ప్రొటీన్ చరిత్ర తెలిస్తే 'కొత్త పరీక్ష' వార్తల మీద మోజు కొంత తగ్గుతుంది. డెంగీ సోకిన కణాలు ఇలాంటి ఒక పదార్థాన్ని వదులుతాయని 1970లోనే అమెరికా పరిశోధకులు ప్రచురించారు. అది ఎన్‌ఎస్‌1 అని 1985లో తేలింది. రోగుల రక్తంలో దాన్ని కొలిచే ఎలైజాను ఆస్ట్రేలియాలో పాల్ యంగ్ బృందం 2000లో చూపింది. తొలిరోజు నుంచి తొమ్మిదో రోజు వరకు అది దొరకవచ్చని రెండేళ్ల తర్వాత ఫ్రాన్స్ పాశ్చర్ సంస్థ బృందం చెప్పింది. మన దేశంలో ఢిల్లీలోని ఐసీజీఈబీ పరిశోధన సంస్థలో నవీన్ ఖన్నా బృందం, జె.మిత్రా కంపెనీ కలిసి 'డెంగీ డే 1' కార్డును తెచ్చాయి. ప్రయోగశాలలో తేలిన సంగతి పేదవాడి వేలి దగ్గరకు రావడానికి పట్టింది నాలుగు దశాబ్దాలు. వచ్చాక దాన్ని ఏం చేయాలో తేల్చుకోలేకపోవడం మాత్రం మన పాలనా వ్యవస్థ ఘనతే.

ఎలైజానూ కార్డునూ పక్కపక్కన పెట్టి చూడండి. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ (ఎన్‌ఐవీ) తయారుచేసి పంపే ఐజీఎం ఎలైజా కిట్టులో 96 గుంటల ప్లేటు ఉంటుంది. పలుచన చేసిన సీరం వేసి 37 డిగ్రీల దగ్గర గంట ఉంచాలి, కడగాలి. యాంటిజెన్ వేసి మళ్లీ గంట, మళ్లీ కడగాలి. ఇంకా కొన్ని దశల తర్వాత రంగు పుట్టించే రసాయనం, నీలి రంగు, ఆమ్లం పడగానే పసుపు. చివరికి యంత్రం 450 నానోమీటర్ల దగ్గర చదువుతుంది. నాలుగైదు గంటల పని. ఒక్క నమూనా కోసం ప్లేటు తెరవరు, కొన్ని నమూనాలు చేరేదాకా ఆగుతారు. కార్డుదైతే పావుగంట, ఇరవై నిమిషాల పని. కంట్రోల్ గీత పడిందంటే ద్రవం పారిందని మాత్రమే అర్థం. ఎండల్లో కారు డిక్కీలో వారం తిరిగిన కార్డులో పరీక్ష గీత దగ్గరి యాంటీబాడీ బతికే ఉందో లేదో ఆ గీత చెప్పదు. గడువు నిమిషాలు దాటాక చూసినా లేని గీత కనబడవచ్చు. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో వచ్చిన ఐజీఎం కిట్ల మదింపులో రాపిడ్ కార్డుల సున్నితత్వం (జబ్బు ఉన్నవాళ్లను పట్టే సామర్థ్యం) 20.5 శాతం నుంచి 97.7 శాతం దాకా ఉంది. అంటే 'కార్డు మంచిదా?' అన్న ప్రశ్నకు అర్థమే లేదు. ఏ కార్డు, ఎక్కడ నిల్వ చేసింది, ఎన్నో రోజు నమూనా అని అడగాలి.

ఇక్కడే ప్రభుత్వం తన మాటకు తానే ఎదురు చెబుతోంది. ఎలైజా తప్ప కార్డు నిర్ధారణ కాదని, కార్డు పాజిటివ్ వస్తే 'సంభావ్య' కేసు మాత్రమేనని దోమల జబ్బుల విభాగం అంటుంది. కానీ ఆరోగ్య ఉపకేంద్రాల స్థాయిలో ఉండాల్సిన 14 రకాల పరీక్షల కేంద్ర జాబితాలో డెంగీ రాపిడ్ పరీక్ష ఉంది. మన విలేజ్ హెల్త్ క్లినిక్కుల గురించి చెప్పేటప్పుడు ఈ 14 పరీక్షలనూ ఘనంగా ప్రకటించుకున్నారు. ఊళ్లో ఏఎన్‌ఎం చేత కార్డు చేయించి, ఆ కార్డు ఫలితాన్ని లెక్కలోకి తీసుకోకపోతే, ఆ కార్డు కొన్నది ఎందుకు?

చట్టం చూద్దాం. 1940 నాటి ఔషధాల చట్టం రోగ నిర్ధారణకు వాడే పదార్థాలను కూడా ఔషధం కిందే చేర్చింది. అంటే పరీక్ష కిట్లు ఆ చట్టం పరిధిలోవే. కానీ దశాబ్దాల పాటు గట్టి లైసెన్సింగు ఉన్నది హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, రక్తపు గ్రూపు వంటి కొన్ని కిట్లకే. మిగిలినవన్నీ తేలిగ్గా బజార్లోకొచ్చాయి. క్షయ విషయంలో మాత్రం చట్టం పళ్లు చూపింది. యాంటీబాడీలతో క్షయను తేల్చే రక్త పరీక్షలు నమ్మదగినవి కావని 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పగా, 2012 జూన్‌లో కేంద్రం ఆ కిట్ల దిగుమతినీ తయారీనీ అమ్మకాన్నీ నిషేధించింది. ఒక పరీక్ష తప్పుదారి పట్టిస్తే దాన్ని బజార్లోంచి తీసేసే అధికారం ప్రభుత్వానికి ఉందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. తర్వాత 2017 వైద్య పరికరాల నియమాలొచ్చి 2018 జనవరి 1 నుంచి కిట్లన్నిటికీ ముప్పును బట్టి తరగతులు పెట్టాయి. అయినా లైసెన్సు కోసం పరీక్షించేది కంపెనీ పంపిన కిట్టును. నెల్లిమర్ల ల్యాబు అలమరాలో నెలల తరబడి ఉన్న పెట్టెను తీసి చూసే ఏర్పాటు జిల్లా స్థాయిలో రివాజుగా లేదు.

ఇంకో చట్టం గురించి ఎవరూ మాట్లాడరు. నెల్లిమర్ల విశాఖ జిల్లాలో, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1939లో వచ్చిన ప్రజారోగ్య చట్టం కోస్తాంధ్రకు ఇప్పటికీ వర్తిస్తుంది. ప్రభుత్వం నోటిఫై చేసిన జబ్బు కంటపడితే వైద్యుడు కబురు చెప్పి తీరాలంటుందది. దోమల నివారణకు అందులో విడిగా అధ్యాయమే ఉంది. కానీ ఆ చట్టం కలరా, మశూచి, ప్లేగుల కాలంలో పుట్టింది. ఆ జబ్బులను మంచం దగ్గరే పోల్చుకోవచ్చు. డెంగీని అలా పోల్చలేం. ఏజెన్సీ నుంచి దిగే మలేరియా, స్క్రబ్ టైఫస్, చికున్‌గున్యా తొలి మూడు రోజులు అచ్చం అలాగే ఉంటాయి. జబ్బును ల్యాబు తేల్చే కాలంలో, ఏ పరీక్షతో తేలితే కబురు చెప్పాలో చెప్పని చట్టం ప్రకారం ఎంత నోటిఫై చేసినా కాగితాలే పెరుగుతాయి. ల్యాబు రిపోర్టు మీద పాథాలజీలో పీజీ చేసిన వైద్యుడే సంతకం చేయాలని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. సంతకం ఎవరిదో తేలింది. దాని కింద ఉన్న కార్డు విలువ ఏమిటో మాత్రం తేలలేదు.

డెంగీకి మందే లేనప్పుడు తొందరగా తెలుసుకుని చేసేదేముందని అడిగేవాళ్లున్నారు. చాలా ఉంది. తొలిరోజుల్లో డెంగీ అని తెలిస్తే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేయరు, రక్తస్రావం ముప్పు పెంచరు. జరం తగ్గే మూడు నుంచి ఏడో రోజు మధ్య కడుపునొప్పి, ఆగని వాంతులు, నీరసం, హెమటోక్రిట్ పెరుగుదల కనిపెట్టి చూస్తారు. ప్లేట్‌లెట్ల అంకె చూసి పది వేలకు పైనున్న మనిషికి కూడా సంచీలు ఎక్కించే వ్యాపారం కొంతైనా ఆగుతుంది. అన్నిటికంటే, రోగి రక్తంలో వైరస్ ఉండి దోమకు అంటించేది ఈ తొలిరోజుల్లోనే. ఏడో రోజు వచ్చే ఎలైజా రిపోర్టుతో ఆ ఇంటి చుట్టూ పొగ పెట్టినా ఆలస్యమే. ఉపయోగపడే వార్త కార్డు దగ్గరే ఉంది.

కనుక క్షయ కిట్ల మాదిరిగా డెంగీ కార్డులన్నిటినీ నిషేధించాలన్న వాదనతో నాకు పొత్తు కుదరదు. క్షయ పరీక్షలు వెతికింది శరీరపు స్పందనను. ఎన్‌ఎస్‌1 కార్డు వెతికేది వైరస్ వదిలిన పదార్థాన్నే. నిషేధం అవసరమైనది ఒకే వాడకానికి: మొదటి అయిదు రోజుల్లో ఐజీఎం, ఐజీజీ యాంటీబాడీల కార్డు ఒక్కదాన్నే పెట్టి డెంగీ అవునని గానీ కాదని గానీ రాయడానికి. ఐజీజీ గీత పాత డెంగీది కావచ్చు, ఐజీఎం జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వంటి చుట్టపు వైరస్‌లతోనూ తారుమారవుతుంది.

చేయాల్సిన పని కొత్త కిట్టు కోసం ఎదురుచూడటం కాదు. విశాఖ మెడ్‌టెక్ జోన్‌లో మరో కిట్టు తయారైనా దాని హోదా తేలకపోతే కథ ఇదే. జరం ఎన్నో రోజో రాయని డెంగీ రిపోర్టు చెల్లదని ఉత్తర్వు ఇవ్వాలి. ఎన్‌ఎస్‌1 కార్డు పాజిటివ్‌లను రోజూ 'సంభావ్య' అన్న విడి గడిలో ప్రకటించాలి. ఎలైజాలో తేలినవి దాని పక్క గడిలో ఉంటాయి. కార్డుల పెట్టెలను బజార్లోంచి తీసి పరీక్షించే బాధ్యత జిల్లాలోని బోధనాసుపత్రుల ల్యాబులకు అప్పగించాలి. నెల్లిమర్లలో మిమ్స్ వైద్య కళాశాల ఉంది, విజయనగరంలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తోంది. నిపుణుల కొరత చెప్పడానికి వీల్లేదు. ధర సంగతికి దారి కర్ణాటక 2024 జులైలో చూపింది: కార్డుకు 250 రూపాయలు, ఎలైజాలకు ఒక్కోదానికి 300 గరిష్ఠమని కట్టడి చేసింది.

గడి పెంచితే కేసుల సంఖ్య పెరిగి జనం భయపడతారని అధికారులు అంటారు. భయం ఎప్పుడో ఊళ్లలో ఉంది. కార్డు చేతిలో పట్టుకున్న మనిషికి నీకు డెంగీ లేదని చెప్పడం వల్ల ఆ భయానికి అపనమ్మకం తోడైంది. 2007లో 110 ఉన్న నిఘా ఆసుపత్రులు ఇప్పుడు దేశంలో ఎనిమిది వందలు దాటాయి. ఇంకో ఎనిమిది వందలు పెట్టినా, తొలి అయిదు రోజుల కార్డును చూడనట్టు నటించే లెక్క పట్టుకునేది డెంగీ తోకనే. తన ఖర్చుతో కొని తన ఊరి క్లినిక్కులో పెట్టిన పరీక్ష ఫలితాన్ని ప్రభుత్వం ముందుగా తానే నమ్మాలి. నమ్మలేనంత నాసిరకమైతే కొనడం ఆపాలి, అమ్మనివ్వడం ఆపాలి. ఈ రెండింటికీ మధ్య చట్టంలో ఖాళీ లేదు, ఇన్నేళ్లూ ఉన్నట్టు నడిపించుకొచ్చారు.