లోపమును దాచుట

ఒరులకు హితవు చెప్పుటకు ముందు మా తప్పును మేము చెప్పుకొనుట న్యాయము గావున, ఈ మాసమున మా యింటి ముచ్చటతోనే ప్రారంభించుచున్నాము.

మాకు ఏబదియేండ్లు దాటినవి. సూదిబెజ్జములో దారము దూర్చుట మాకు చేతగాక చాలకాలమైనది. బియ్యములోని రాళ్లు మా కంటికి గాక తినువారి పంటికి తెలియుచుండెను. పుస్తకమును చేతిపొడవున పట్టుకొన్నగాని యక్షరములు కుదురుగా నిలువవు. ఐనను కండ్లజోడు పెట్టుకొనుటకు మాకు మనసొప్పలేదు. ముసలితనము వచ్చెనని నలుగురు ననుకొందురేమో యను సంకోచమే కారణము. ‘దీపము చాలదు’ అని యొకనాడు, ‘అచ్చు మంచిది కాదు’ అని యొకనాడు నెపములు చెప్పుచు మూడేండ్లు గడపితిమి.

కొన్నాళ్ల క్రిందట మా చిన్న మనుమరాలికి కన్నెఱ్ఱబడి పుసులు కట్టగా, వైద్యుడు చుక్కలమందు వ్రాసియిచ్చెను. ఆ సీసాను గూటిలో పెట్టితిమి. తాతగారి చెవిమందు సీసాయు నా గూటిలోనే యున్నది. రెండును ఒకే పరిమాణము, ఒకే తెలుపు. పేళ్లు చీమతలలంత యక్షరములలో ఇంగ్లీషున నున్నవి. రాత్రి బిడ్డను ఒడిలో పరుండబెట్టుకొని, రెప్ప నెత్తి, చుక్క వేయబోవుచుంటిమి. ప్రక్కనే పాఠము చదువుకొనుచున్న దాని యక్క తలయెత్తి చూచి, “అమ్మమ్మా, అది తాతగారి చెవిమందు గదా!” అనెను.

మా చేయి యక్కడనే నిలిచిపోయినది. కంటిమందును సూక్ష్మక్రిములు లేకుండ మిక్కిలి శుద్ధముగా చేయుదురు. చెవిమందులన్నిటికిని ఆ నియమము లేదు. కంటిని మండించి గాయపఱచు ద్రవ్యములును కొన్నింటిలో నుండును. పదేండ్ల పిల్ల చదువగలిగిన మాటను మేము చదువలేకపోతిమి. చదువలేమని చెప్పుటకు సిగ్గుపడితిమి. ఆ సిగ్గునకు వెల యొక పసిబిడ్డ కన్ను కావలసి యుండెను! ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు.

మఱునాడే కండ్ల వైద్యుని చూచితిమి. ఆయన నవ్వి, ఇది చత్వారమని చెప్పెను. కంటిలోని కటకము వయస్సుతో బిరుసెక్కి, దగ్గఱి వస్తువులను చూచుటకు వలసినట్లు వంగలేకపోవును. నలువదియేండ్లు దాటినవారిలో నించుమించుగా నందఱికిని ఇది వచ్చును. దీనిలో మన తప్పేమియు లేదు. తల నెఱసినట్లే యిదియును.

కండ్లజోడుతో వీధిలోనికి రాగా మమ్ము నెవ్వరు నేమియు ననలేదు. పొరుగింటి యమ్మగారు మాత్రము సాయంకాలము మెల్లగా వచ్చి, వైద్యుని యిల్లెక్కడనని యడిగిరి. ఆమె రెండేండ్లుగా తన కాగితములన్నిటిని వీధిలోని పిల్లలచేత చదివించుకొనుచుండిరట! మేము దాచినది ఆమెకు తెలియదు, ఆమె దాచినది మాకు తెలియదు. ఒకరినిచూచి యొకరము వెఱచుచు, ఇరువురమును చీకటిలోనే కూర్చుంటిమి.

ఇట్టి దాపఱికములు ఇండ్లలో నెన్ని లేవు? చదువు చాలదని యొకతె దాచును. వంట రాదని క్రొత్తకోడలు దాచును. పెండ్లిలో నలుగురిలో తక్కువ కాకూడదని యెరువు నగలు పెట్టుకొని, అవి పోవునేమో యని రాత్రంతయు మెడ తడుముకొనువారును గలరు. పైన పటారము, లోన లొటారము అని పెద్దలు ఊరక యనలేదు.

అయితే లోపము నొప్పుకొనుట యనగా ‘నా స్వభావ మింతే’ యని కాలుచాచుకొని కూర్చుండుట కాదు. చత్వారము వంటివి మన చేతిలో లేవు. వానిని ఒప్పుకొని సాధనము వెదకుకొనవలెను. కోపము వంటివి మన చేతిలోనివి. వానిని ఒప్పుకొని దిద్దుకొనవలెను.

మహాత్మాగాంధి తన యాత్మకథను 1925 మొదలుకొని 1929 వఱకు నవజీవన్ పత్రికలో భాగములుగా ప్రకటించెను. 1898లో డర్బనునందలి తన యింట జరిగిన యొక కలహమును అందులో దాచక చెప్పెను. ఆ యింట గుమాస్తాలు కాపురముండిరి. వారి గదులలోని మూత్రపాత్రలను కొన్నింటిని దంపతులే శుభ్రపఱచెడివారు. క్రొత్తగా వచ్చిన యొక గుమాస్తా పాత్ర నెత్తుటకు కస్తూరిబాయికి మనసొప్పలేదు. భర్త యెత్తుటయు నామె చూడజాలదు. కన్నీటితోనే యామె దానిని మోయుచుండగా, సంతోషముతో మోయవలెనని భర్త గద్దించెను. మాట పెరిగినది. ఆమెను చేయిపట్టి యీడ్చుకొనిపోయి, వెడలగొట్టుటకు ద్వారము తెఱచెను. నీకు సిగ్గులేదా, ఈ పరదేశమున నే నెక్కడికి పోదునని యామె నిలదీయగా, ఆయన సిగ్గుపడి ద్వారము మూసెను.

లోకమంతయు తన్ను కొనియాడుచున్న దినములలో ఆయన యీ సంగతి వ్రాయకున్న అడుగువారెవ్వరు? ఐనను వ్రాసెను. తప్పు అనియే పేరుపెట్టెను. పేరుపెట్టిన పిదపనే గదా దిద్దుకొనుట! ఆనాడు కస్తూరిబాయి నోరు మూసికొని యుండినచో, ఆ ద్వారము మూతపడెడిదా యని గూడ మనము తలపోయవలెను.

కడపట మేము నేర్చుకొన్న మూడు పనులను సోదరీమణులకు విన్నవించుచున్నాము. చెవిమందును కంటిమందును ఒకేచోట నుంచకుడు. ప్రతి సీసాకును పెద్ద తెలుగక్షరములతో పేరు వ్రాసి యంటింపుడు. చదువలేకున్నచో, కనబడకున్నచో, ఆ మాట వెంటనే పైకి చెప్పి ప్రక్కవారిచేత చదివింపుడు. వారు మీకంటె చిన్నవారైనను సరియే.

మా కండ్లజోడు ముక్కుపై నిప్పటికిని కొంచెము జారుచునే యున్నది. దానిని పైకి త్రోసికొనుచునే యీ పుట వ్రాసితిమి. బియ్యములో రాళ్లు మాత్రము కనబడుచున్నవి.