అహాబు గుర్రాలకు గడ్డి

ధ్యాన భాగం: 1 రాజులు 18:1–6



ఈమధ్య పట్నం సంఘాల్లో సాక్ష్యాల సమయంలో ఒక కొత్త మాట వినబడుతోంది. "దేవుడు మాకు ఫామ్‌హౌస్ ఇచ్చాడు, ప్రభువుకు స్తోత్రం" అంటున్నారు. అనంతగిరి కొండల అంచున, చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి రోడ్ల వెంట ఇవే బోర్డులు. కొండగాలి, మామిడి చెట్లు, క్లబ్‌హౌస్, గుర్రపు స్వారీ. బాగా ఉన్నవాళ్ళయితే సొంత లాయం కట్టించి రెండు గుర్రాలు, ఒక సాయీసును పెట్టుకుంటున్నారు. అంత లేనివాళ్ళు ఆ బొమ్మ చూసి, రైల్వేలో ముప్పై ఏళ్ళు చెమటోడ్చి తెచ్చుకున్న గ్రాట్యుటీని ఒక చిన్న ముక్క భూమి మీద పెడుతున్నారు. ఏజెంట్లలో కొందరు మన విశ్వాసులే. ఆరాధన అయ్యాక చర్చి గుమ్మం దగ్గరే కరపత్రాలు పంచుతున్నారు.

సహోదరులారా, కొండ కింద ఇల్లు కట్టుకోవడం పాపమని నేను చెప్పడం లేదు. గుర్రాన్ని చేసింది దేవుడే. యోబు 39వ అధ్యాయంలో దాని బలాన్ని ఆయనే వర్ణించాడు. అబ్రాహాముకు మందలున్నాయి, యోబుకు వేల ఒంటెలున్నాయి. అది ఒప్పుకుంటాను. కాని ఈ విలాసానికి "ఆశీర్వాదం" అని పేరు పెట్టి, బలిపీఠం ముందు నిలబడి చప్పట్లు కొట్టించుకోవడాన్ని నేను ఒప్పుకోను. ఎందుకో వాక్యంలోనే చూద్దాం.

అహాబు కాలంలో షోమ్రోనులో ఘోరమైన కరవు. ప్రజలు తిండి లేక అల్లాడుతున్నారు. అప్పుడు రాజు ఏం చేశాడు? తన గృహనిర్వాహకుడైన ఓబద్యాను పిలిచి, నీటి ఊటలు, వాగులు అన్నీ వెదకమన్నాడు. దేనికి? గుర్రాలకు, కంచరగాడిదలకు గడ్డి దొరుకుతుందేమోనని! దేశాన్ని చెరి సగం పంచుకుని తానూ గడ్డి వెదకడానికి బయలుదేరాడు. మనుషుల ఆకలి గురించి ఆ నోట ఒక్క మాట లేదు. అదే అధ్యాయంలో అదే ఓబద్యా, ప్రాణానికి తెగించి నూరుమంది ప్రవక్తలను గుహల్లో దాచి అన్నపానాలిచ్చాడు. ఒకే కరవులో ఒకడు గడ్డి వెదికాడు, ఒకడు మనుషులను పోషించాడు. మన సాక్ష్యం ఎవరి పక్కన నిలుస్తుంది?

మొదట, ఆ భూమి ఎవరిది? లేవీయకాండము 25:23 ప్రకారం భూమి దేవునిది, మనం ఆయన దగ్గర కాపురమున్న పరదేశులం. మన రాష్ట్రంలో భూమి లేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూములున్నాయి. వాటిని అమ్మడం, కొనడం చెల్లదని 1977లోనే చట్టం చేశారు. అయినా ఆ పేదవాని అవసరం కనిపెట్టి, చేతిలో నాలుగు నోట్లు పెట్టి, కాగితం మీద వేలిముద్ర వేయించుకునేవాళ్ళు ఉన్నారు. తన రాజనగరు పక్కన కూరతోట కావాలని అహాబు నాబోతు ద్రాక్షతోటను అడిగాడు. వాడు పిత్రార్జితం ఇవ్వనన్నాడు. ఆ తరువాత రక్తం కారింది. ఆ పాపం మొదలైంది కత్తితో కాదు, "అది నాకు దగ్గర్లో ఉంది, నాకు బాగుంటుంది" అన్న కోరికతో. ఇంటికి ఇల్లు, పొలానికి పొలం కలుపుకుంటూ పోయేవారికి శ్రమ అని యెషయా 5వ అధ్యాయం హెచ్చరిస్తోంది. ఇది పాతకాలపు మాట అని పక్కన పెట్టగలమా?

రెండవది, ఆ నీళ్ళు ఎవరివి? మూసీ పుట్టేది అనంతగిరి కొండల్లోనే. 1908 వరదలో హైదరాబాద్ అల్లాడిపోయిన తరువాత ఆ నదిపై ఉస్మాన్‌సాగర్ కట్టారు, 1920లో అది పూర్తయింది. మనం గండిపేట అంటాం. దాని పక్కన ఈసీ నది మీద హిమాయత్‌సాగర్ వచ్చింది. ఈ రెండు చెరువులకు నీరు వచ్చే దారిని కాపాడాలని 1996లో 111 జీవో తెచ్చి, 84 గ్రామాల్లో కట్టడాలకు హద్దులు పెట్టారు. 2022లో ఆ హద్దులు సడలించారు. ఒక గుర్రం రోజుకు పాతిక నుండి నలభై లీటర్ల పైగా నీళ్ళు తాగుతుంది. తాగనివ్వండి, అది మూగజీవం. కాని దాని చుట్టూ పచ్చిక, దాని పక్కన ఈతకొలను, వీటన్నిటికీ బోరు మీద బోరు వేస్తే పక్క చేనులో ఉలవలు వేసుకున్న రైతు బోరు ఏమవుతుంది? ఆ ఉలవలే గుర్రానికి దాణా, పేదవానికి గుగ్గిళ్ళు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని మన పెద్దల సామెత. రైతు మాటేమిటి?

మూడవది, ఆ విశ్రాంతి ఎవరిది? ఇది పల్లె కాపరిగా నా గుండెను కోసే సంగతి. మీరు సేద తీరడానికి వచ్చేది ఆదివారం. మీరు వచ్చే రోజే మా ఊరి కాపలాదారుడికి, వంట చేసే అక్కకు, గుర్రం తోమే సాయీసుకు ఎక్కువ పని. మా చిన్న మందిరంలో వాళ్ళ చోటు ఖాళీ. పట్నంలో మీ బెంచీ కూడా ఖాళీ. ఒక్క ఫామ్‌హౌస్ రెండు సంఘాలను ఖాళీ చేస్తోంది! విశ్రాంతి దినపు ఆజ్ఞలో దేవుడు యజమానితోపాటు దాసుని, దాసిని, పశువును, ఇంట ఉన్న పరదేశిని కూడా చేర్చాడు. ఇంకొకరి విశ్రాంతిని కాజేసి తెచ్చుకున్నది విశ్రాంతి ఎలా అవుతుంది?

గుర్రం ఎప్పుడూ దర్జాకు గుర్తే. లాలాగూడ దగ్గరున్న మౌలాలీలోనే 1868లో గుర్రప్పందాలు జరిగాయి, 1886లో నిజాం వాటిని మలక్‌పేటకు మార్చాడు. 1893లో లాలాగూడలో రైల్వే వర్క్‌షాపు వచ్చింది. మీ తాతలు ఆ పందెపు గుర్రాలెక్కినవారు కాదు. సుత్తి పట్టి బోగీలు బాగుచేసినవారు. వారి చేతి కష్టమే మీకు చదువును, మందిరాన్ని ఇచ్చింది. రాజు తనకు గుర్రాలను విస్తారంగా సంపాదించుకోకూడదని ద్వితీయోపదేశకాండము 17:16 ఆజ్ఞాపిస్తే, సొలొమోను ఐగుప్తు నుండి ఒక్కొక్క గుర్రాన్ని నూట ఏబది తులముల వెండికి తెప్పించాడు. అంత జ్ఞానికే ఆ దారి మంచి చేయలేదు. మన రాజు యెరూషలేములోకి గాడిద పిల్ల మీద వచ్చాడు. జెకర్యా 9వ అధ్యాయం ముందే చెప్పిన ప్రకారం, యుద్ధపు గుర్రాలను లేకుండా చేసేవాడిగా వచ్చాడు.

కాబట్టి కొన్ని మాటలు. భూమి కొనేముందు అది 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి, ఊరికి వెళ్ళి ఇంతకు ముందు ఎవరు దున్నారో అడగండి. అర ఎకరం లోపు ముక్కలను "ఫామ్ ప్లాట్" అని అమ్మితే మోసపోవద్దని అధికారులు హెచ్చరిస్తున్నారు. గ్రాట్యుటీ పోతే మళ్ళీ రాదు. ఇప్పటికే తోట ఉన్నవారు మీ పనివారికి ఆదివారం ఉదయం విడుదల ఇవ్వండి, వీలైతే వాళ్ళతో కలిసి మా పల్లె మందిరంలోనే చాప మీద కూర్చోండి. మీ బోరు నీళ్ళు వేసవిలో పక్క చేనుకు వదలండి. సంఘ పెద్దలారా, మందిర ప్రాంగణంలో ప్లాట్ల కరపత్రాలు ఆపండి. అప్పుడు ఓబద్యాలాగా నూరుమందిని కాకపోయినా నలుగురిని పోషించామని సాక్ష్యం చెప్పండి. ఆ రోజు నేనూ చప్పట్లు కొడతాను.

ప్రార్థన: తండ్రీ, కరవులో గడ్డి వెదికే కళ్ళను మా నుండి తీసివేయుము. మా పక్కనున్న మనిషిని చూసే కళ్ళు దయచేయుము. భూమి నీదేనని మరువకుండా మమ్మును కాపాడుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.