కమిటీ వేస్తే కంటితుడుపేనా?

"కమిటీ వేశారా? అయితే పని అయినట్టే!" ఈ వెటకారం మనకి కొత్త కాదు. గొడవ ముదిరితే కమిటీ, ఆ కమిటీ నివేదిక ఇస్తే బుట్టదాఖలు. మరి నల్లజాతీయులపై వివక్షను ఎదుర్కోవడానికి విదేశాల్లో ప్రభుత్వాలు తీసుకునే సలహాల సంగతేంటి? మన స్టూడెంట్స్ చాలామంది ఉంటున్న కెనడాలోని ఒంటారియో కథ చూద్దాం.

1992 మే. టొరంటోలో పోలీసు కాల్పుల్లో ఓ నల్లజాతి యువకుడు చనిపోయాడు. సరిగ్గా అప్పుడే అమెరికాలో రాడ్నీ కింగ్ కేసు తీర్పుపై జనం భగ్గుమంటున్నారు. టొరంటో యంగ్ స్ట్రీట్‌లో నిరసన కాస్తా అల్లర్లయింది. ఏం చేయాలో చెప్పమని ఒంటారియో ప్రీమియర్ బాబ్ రే, స్టీఫెన్ లూయిస్‌ను అడిగారు. ఆయన నెల తిరక్కుండానే నివేదిక ఇచ్చారు. సూటిగా చెప్పారు: ఇది మైనారిటీలందరికీ ఒకేలా తగిలే దెబ్బ కాదు, ప్రధానంగా నల్లజాతీయులకి తగిలే దెబ్బ. పోలీసుల దగ్గరే కాదు, ఉద్యోగాల్లోనూ, చివరికి బడిలోనూ అంతే అన్నారు.

"వివక్ష అందరికీ ఉంటుందిగా, వాళ్లకే ప్రత్యేకంగా కమిటీలెందుకు?" అని మీకు డౌట్ రావచ్చు. లెక్క చూడండి. యార్క్ యూనివర్సిటీ ప్రొఫెసర్ కార్ల్ జేమ్స్ బృందం టొరంటో హైస్కూళ్లపై 2017లో నివేదిక ఇచ్చింది. యూనివర్సిటీకి దారి చూపే 'అకడమిక్' కోర్సుల్లో తెల్లజాతి పిల్లలు 81 శాతం ఉన్నారు. మనలాంటి ఇతర వర్ణాల పిల్లలు 80 శాతం. నల్లజాతి పిల్లలు? 53 శాతమే! మిగతావాళ్లు ఎక్కువగా పద్నాలుగేళ్ల వయసులోనే వేరే ట్రాక్‌లోకి వెళ్లిపోయారు. 'మైనారిటీలు' అని అందర్నీ ఒకే గాటన కట్టేస్తే ఈ తేడా కనిపించేదా?

బడిలో జరిగే ఈ విభజన గురించి లూయిస్ 1992లోనే చెప్పారు. తొమ్మిదో తరగతిలో దాన్ని పూర్తిగా ఎత్తేసింది 2022లో. ముప్పై ఏళ్లు! సలహా చెప్పిన రోజు బడికెళ్లిన పిల్లలు, తమ పిల్లల్ని బడిలో చేర్చే వయసుకొచ్చేశారు. సలహాని పక్కన పెడితే పడే రేటు ఇదీ.

అయితే కథ అక్కడే ఆగలేదు. 2017లో ఒంటారియో జాతివివక్ష వ్యతిరేక చట్టం తెచ్చింది. ప్రభుత్వం మారినా, వ్యూహాన్ని కనీసం ఐదేళ్లకోసారి సమీక్షించాల్సిందే. అదే ఏడాది టొరంటో నగరం, నల్లజాతి ప్రజలతో కూర్చుని మాట్లాడి, 22 సిఫార్సులు, 80 పనులతో ఐదేళ్ల ప్లాన్ ఆమోదించింది. ఎవరి సమస్యో వాళ్లనే అడగడం... వినడానికి చిన్న విషయమే, ఆఫీసుల్లో అరుదు!

ఇంకోటి చూడండి. బ్రాంప్టన్, మిసిసాగాల పేర్లు మీకు తెలిసే ఉంటాయి. అక్కడి పీల్ స్కూల్ బోర్డుపై 2020లో సమీక్ష జరిగింది. హైస్కూల్ పిల్లల్లో నల్లజాతివాళ్లు 10.2 శాతం, సస్పెండైన వాళ్లలో మాత్రం సుమారు 22.5 శాతం. ప్రభుత్వం 27 ఆదేశాలిచ్చింది. బోర్డు సరిగ్గా పాటించలేదని తేలాక, అదే జూన్‌లో బోర్డు పగ్గాలు ఓ సూపర్‌వైజర్ చేతికిచ్చింది. చూశారా, సలహా వెనక అధికారం నిలబడితే కథ ఎలా మారుతుందో!

కాబట్టి కమిటీ వార్త కనిపిస్తే మూడు అడగండి. బాధితులు అందులో ఉన్నారా? లెక్కలు బయటపెడతారా? పని జరక్కపోతే జవాబు చెప్పేదెవరు? మూడింటికీ సమాధానం లేకపోతే అది కంటితుడుపే.

ఇక నాలుగో ప్రశ్న మనకి. "నల్లోళ్లున్న ఏరియాలో రూమ్ తీసుకోకురా" అని ఫ్రెండ్స్ గ్రూపుల్లో సలహాలిస్తుంటారు కదా. ఆ సలహా కమిటీని రద్దు చేయడానికి ఏ ప్రభుత్వమూ అక్కర్లేదు. మనం చాలు!