పరాయి ఊరి రొట్టె

గతమాసమున మాకు వచ్చిన జాబులలో నొకటి మెక్సికో దేశమునుండి వచ్చినది. వ్రాసినది ఎమ్మిగనూరు ఆడపడుచు. ఆమె భర్త గ్వాదలహారా నగరములో కంప్యూటరు ఉద్యోగి. అచ్చటికి కాపురము వెళ్లి పదునాలుగు మాసములైనది. తన ప్రశ్నకు ప్రత్యుత్తర మీయుటకు మాకంటె నర్హులు లేరని ఆమె వ్రాసినది. ఆ మాటలోని మర్మము మాకు తెలియును. మీకును ముందు తెలియగలదు. ఆమె యనుమతితోనే యీ సంగతి నిచ్చట వ్రాయుచున్నాము.

వారి క్రింది వాటాలో నొక ముసలమ్మ యున్నది. జనవరి 6వ తేదీన ఆ దేశమువారికి పండుగ. ఆనాడు వలయాకారముగా చేసిన తీపి రొట్టెను ఇంటిల్లిపాదియు కోసికొని తిందురు. దానిలోపల చిన్న పసిబిడ్డ బొమ్మ దాచియుందురు. ఎవరి ముక్కలో బొమ్మ వచ్చునో, వారు ఫిబ్రవరి 2వ తేదీన అందఱకును తమాలెలు పెట్టవలెను. తమాలె యనగా మొక్కజొన్న పిండిముద్దను పొత్తి పైడొప్పలో చుట్టి ఆవిరిపై నుడికించిన వంటకము. మా గోదావరి సీమలో పనసాకుల బుట్టలలో పిండి పోసి వండెడు పొట్టిక్కబుట్టల వంటిదే. ఈ యేడు బొమ్మ ముసలమ్మ ముక్కలోనే వచ్చినది. రెండవ తేదీ సాయంకాలము ఆమె గిన్నెనిండ తమాలెలు తెచ్చి మన పిల్ల చేతిలో పెట్టినది.

మన పిల్ల పుట్టిన యింటను, మెట్టిన యింటను మాంసము ముట్టరు. తమాలె పిండిలో పందికొవ్వు కలుపుట అచ్చటి వాడుక. ఆ సంగతి యామె కదివఱకే తెలియును. అయినను ముసలమ్మ మొగము చూచి కాదనలేక, నవ్వుచు పుచ్చుకొని, రాత్రి చీకటిలో చెత్తబుట్టలో వేసినది. మఱునాడు ముసలమ్మ, "బాగున్నవా?" యని యడిగినది. "చాల బాగున్నవి" అని యీమె చెప్పినది. అది మొదలు ముసలమ్మ కనబడినప్పుడెల్ల మరల చేసి పంపెదననుచున్నదట. గిన్నె యింకను వీరి వంటయింటనే యున్నది.

జాబు చివర నిట్లున్నది: "పెద్దమ్మా, మీరు మా అవ్వ రొట్టె ఆవుకు వేసిన రోజు నాకు గుర్తుకొచ్చింది. ఆ రోజు మీ మీద నాకు చాలా కోపం వచ్చింది. ఇప్పుడు నేనేం చేయాలి?"

సోదరీమణులారా, ఆ మాట నిజము. దాచుకొని ప్రయోజనము లేదు.

ఇప్పటికి ముప్పది యేండ్ల క్రిందట మా యింటివారికి ఎమ్మిగనూరునకు బదిలీ యైనది. మేము గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినవారము. అన్నమనగా వరియన్నమే యని మా యెఱుక. రైలు దిగి ఆదోని బస్సు నిలయమున నిలువబడునప్పటికి ప్రొద్దున ఎనిమిది గంటలు. ప్రత్తి బస్తాల లారీలు వరుసగా పోవుచుండెను. ఫలాహారశాలలో ప్రతి బల్లమీదను మరమరాలు కుప్పపోసినట్లు కనబడెను. వారు వానిని బొరుగులందురు. నీళ్లలో తడిపి, పిండి, ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, పసుపు వేసి తాలింపుపెట్టి, పైన పుట్నాలపప్పు పొడి చల్లి, మిరపకాయ బజ్జీలతో నిచ్చిరి. దానిపేరు ఉగ్గాని. పసిపిల్లల చిరుతిండిని పెద్దవారు ప్రొద్దుటి పలహారముగా తినుచున్నారని మేము నవ్వుకొంటిమి.

ఇల్లు కుదిరినది నేతగాండ్ర వీధిలో. తెల్లవారకమునుపే మగ్గముల చప్పుడు వినబడుచుండెడిది. మాచాని సోమప్పగారు 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘమువలన ఆ యూరి తువ్వాళ్లకును దుప్పట్లకును దూరదేశములలో పేరు వచ్చినదని వీధివారు గర్వముగా చెప్పుకొనెడివారు. వారి మాట మాకు సగమే తెలిసెడిది. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడువఱకు ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోనిది గనుక కన్నడపు మాట లెన్నియో తెలుగులో కలిసిపోయినవి. ఉరుదూ మాటలు వేఱు. వేరుసెనగలను బుడ్డలందురు. "ఇంత బుడ్డల పొడి తీసుకోమ్మా" అని పొరుగింటి అవ్వ యనగా, బుడ్డిలో పోసిన యే పొడియో యనుకొంటిమి.

ఆ యవ్వయే నేడు జాబు వ్రాసిన పిల్లకు నాయనమ్మ. మేము చేరిన మూడవదినముననే ఆమె రెండు జొన్నరొట్టెలు, పుండికూర పప్పు, బుడ్డల పొడి పళ్లెరములో పెట్టి మనుమరాలిచేత పంపినది. పుండికూర యనగా మన గోంగూరయే. పప్పును పొడిని మేముంచుకొంటిమి. రొట్టెను చూడగా మాకు దుఃఖము వచ్చినది. పుట్టింటినుండి తెచ్చుకొన్న బియ్యపు బస్తా మూలనుండగా ఈ ముతక రొట్టె తినవలసిన కర్మ మేమని తోచినది. పెరటి గోడవెలుపల నొక యావు కట్టియుండెను. రెండు రొట్టెలును దాని తొట్టిలో వేసితిమి. తల యెత్తి చూడగా, పళ్లెరము తీసికొనిపోవుటకు వచ్చిన ఆఱేండ్ల పిల్ల గుమ్మమున నిలిచియున్నది.

సాయంకాలమునకు అవ్వ వచ్చినది. కోపపడునని మేము భయపడితిమి. ఆమె అరుగుమీద కూర్చుండి, "రొట్టె ఆవుకు పెట్టినావంట గదమ్మా. పోనీలే, ఆవు గూడా తినాల్సిందే. రేపు పొద్దున్నే మా యింటికి రా. ఒక్క రొట్టె నీ చేత్తో తట్టు. తట్టినాక గూడా పారేయాలనిపిస్తే పారేయి" అన్నది.

మఱునాడు వెళ్లితిమి. జొన్నపిండికి గోధుమపిండివలె సాగెడు జిగి లేదు. అవ్వ పిండి జల్లించి, మసలుచున్న నీరు పోసి, వేడి తగ్గకమునుపే అరచేతి మడమతో నొత్తి నొత్తి కలిపినది. పొడిపిండి చల్లిన పలకమీద ముద్ద నుంచి, కుడిచేత తట్టుచు, ఎడమచేత త్రిప్పుచు, పళ్లెరమంత చేసినది. కాలిన పెనముపై వేసి, తడిగుడ్డతో పైని పొడిపిండి తుడిచి, తిరుగవేసి, కడపట నిప్పుసెగకు చూపగా పూరీవలె పొంగినది. మా చేతిలోని మొదటి రొట్టె అంచులన్నియు పగిలినవి. రెండవది ఎత్తబోవగా రెండు ముక్కలైనది. మూడవది పెనమునకు చేరెనుగాని మాయరచేయి కాలినది. ఆ మూడవదానిని మేము పారవేయలేకపోతిమి. అక్కడనే కూర్చుండి, బుడ్డల పొడిలో నూనె వేసికొని, మొత్తము తింటిమి. ఆ పిల్ల మా ఎదుట కూర్చుండి కడపటి ముక్కవఱకు చూచుచునే యున్నది.

ఆ యూర జొన్నయు, కొఱ్ఱయు, సజ్జయు ఏల తిందురో అటుపిమ్మట తెలిసికొంటిమి. 1876 మొదలు 1878 వఱకు నడచిన గొప్ప కరువు బళ్లారి, కర్నూలు సీమల నాశనము చేసినది. ధాత నామ సంవత్సరమున వచ్చినది గనుక దానిని ధాత కరువందురు. మా గోదావరి కాలువలు మాకిచ్చిన ధైర్యము ఆ నేలకు లేదు. కొద్దివానకు పండెడు గింజయే వారిని బ్రతికించినది. దానిని ముతకతిండి యనుట ఆ బ్రతుకును తక్కువచేయుటయే.

ఇక మెక్సికో సంగతి. అచ్చటివారికి మొక్కజొన్నయే అన్నము. గింజలను సున్నపు నీటిలో నుడికించి, రాత్రియంతయు నాననిచ్చి, కడిగి, రుబ్బి, ఆ ముద్దతో పలుచని రొట్టెలు చేయుదురు. అవియే తోర్తియాలు. పల్లెలలో నేటికిని చేతితో తట్టువారున్నారు. పట్టణములలో యంత్రముతో చేసి తూకమునకు అమ్ముదురు. వేడి చెదరకుండ చుట్టుటకు ఇల్లాండ్రు ఇంటినుండి గుడ్డ తీసికొనిపోవుదురు. మన పిల్ల ఎమ్మిగనూరు తువ్వాలను తీసికొనిపోవుచున్నదట! అచ్చట పచ్చడి నూఱు రాతి రోలు మూడు కాళ్లది; వారపు సంత మన సంతవంటిదే; మధ్యాహ్నపు భోజనము రెండు గంటలు దాటినపిమ్మట. భోజనశాలలో తినుచున్నవారిని దాటిపోవునప్పుడు పరిచయము లేనివారైనను "ప్రొవేచో" అందురు. తిన్నది ఒంటబట్టుగాక యని దాని భావము.

సున్నమునుగూర్చి యొక మాట. అది రుచికొఱకు మాత్రమే కాదు. మొక్కజొన్నలోని నయాసిన్ అను విటమిను మన దేహమునకు అందని రీతిగా గింజలో బంధింపబడియుండును. సున్నపు నీరు దానిని విడిపించును. మొక్కజొన్నను తమ దేశములకు తీసికొనిపోయి, ఈ పద్ధతిని మాత్రము విడిచిన ఇటలీలోను, అమెరికా దక్షిణ రాష్ట్రములలోను పేదలకు పెల్లాగ్రా యను వ్యాధి వచ్చినది. ఎండ తగిలిన చోట చర్మము నల్లబడి పగులును. విరేచనములు, మతిభ్రమము కలుగును. మన దక్కను సీమలో జొన్నయే తప్ప మఱియేమియు తినలేని పేదలలోను అదే వ్యాధిని డాక్టరు సి. గోపాలన్ గారును, వారి సహచరులును 1960 ప్రాంతమున హైదరాబాదున పరిశోధించిరి. కావున రొట్టెప్రక్కన పప్పు, ఆకుకూర, బుడ్డల పొడి యుండుట యెంతయో మేలు. వేరుసెనగలో నయాసిన్ మిక్కుటముగా నున్నది. అవ్వ పళ్లెరము నాడు మేము సగమే గౌరవించితిమి. ఆమె పంపినదో, పూర్ణమైన భోజనము.

ఇంకొక వింత వినుడు. మెక్సికోలో జొన్న విస్తారముగా పండును. అది యెక్కువగా పశువుల దాణాకు పోవును. మన దేశమున మొక్కజొన్న చాలవఱకు కోళ్ల దాణాకు పోవును. ఇచ్చటి మనుష్యుల రొట్టె అచ్చట పశువుల మేత. అచ్చటివారి అన్నము ఇచ్చట కోళ్ల తిండి. ఏ గింజ యెక్కువ, ఏ గింజ తక్కువ యని యెవరు చెప్పగలరు? పరాయిదనుకొన్నదే మనదగును. మిరపకాయ మెక్సికో ప్రాంతమునుండి, వేరుసెనగ దక్షిణ అమెరికానుండి, పోర్చుగీసువారు మొదలైనవారి ఓడలలో వచ్చినవే. అవి లేని ఎమ్మిగనూరు వంటయిల్లు నేడు మనకు తోచునా?

ఇప్పుడు మన పిల్లకు మా ప్రత్యుత్తరము.

అమ్మాయీ, నీవు చేసినదియు మేము చేసినదియు ఒకటి కాదు. మేము తినరాని నియమ మేదియు లేకుండ, తక్కువ చూపువలన పాఱవేసితిమి. నీకు నియమమున్నది, దానిని విడువుమని మేము చెప్పము. నీ తప్పు తినకపోవుట కాదు, బాగున్నవని చెప్పుట. ఆ యొక్క యబద్ధమువలన ముసలమ్మ మరల శ్రమపడి వండును, నీవు మరల చీకటిలో చెత్తబుట్ట దగ్గఱకు పోవుదువు. ఎన్నాళ్లు?

ఆమె కెదురుగా కూర్చుండి చెప్పుము: "నో కోమో కార్నే నీ మాంతేకా". మాంసము, కొవ్వు తిననని అర్థము. నాడు మొగమాటముచే చెప్పలేకపోతినని కూడ చెప్పుము. బయట తినునప్పుడును అడిగి తెలిసికొనుము: కుండలో నుడికించిన చిక్కుడు గింజలు సాధారణముగా నీకు పనికివచ్చును గాని, మెదిపి వేయించినవానిలో కొవ్వు వేయుట కలదు; అన్నమును కోడిరసములో వండుటయు కలదు. నాగజెముడు లేతమట్టలు ముండ్లు తీసి కూరగా వండుదురు. అది నిర్భయముగా తినుము. తోటకూర జాతి గింజలను పేల్చి పాకముతో ముద్దచేసిన తీపి మన బొరుగుల యుండలను జ్ఞప్తికి తెచ్చును.

తరువాత, "మీ వంటయింట నొకదినము నన్ను నిలువనిండు, నూనెతో తమాలెలు చేయుద"మని యడుగుము. చేయి పిండిలో పెట్టినపిమ్మట పరాయితన ముండదు. ఇది మేము కాలిన యరచేతితో నేర్చినది.

గిన్నె సంగతి. మన యిండ్లలో ఇచ్చిన గిన్నెను వట్టిగా పంపము గదా! అచ్చటి వేరుసెనగలు వేయించి, పొట్టు తీసి, కచ్చాపచ్చాగా దంచి, పిలోన్సీయో యని అమ్మెడు అచ్చటి బెల్లముతో మీ అవ్వ చేసినట్లు ఉండలు చేయుము. గింజయు వారిదే, బెల్లమును వారిదే. చేయి మాత్రము ఎమ్మిగనూరుది. ఆ గిన్నెనిండ పెట్టి, రేపే తీసికొనిపోయి యిమ్ము. ఆమె యేమన్నదో మాకు వ్రాయుము.